మా ఊరి బార్లూ, ఒక సమీక్షకుడి ఇబ్బందులూ

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న నా మిత్రుడొకడికి విచిత్రమైన వ్యసనం ఉంది. తాగుడు కాదు, తాగే చోట్లను గురించి రాయడం. వారానికొక పేట ఎంచుకుని, అందులో ఒక బార్లో కూర్చుని, వెలుతురుకు ఇన్ని, కుర్చీకి ఇన్ని, వేరుశనగల మసాలాకు ఇన్ని, వడ్డించే మనిషి మర్యాదకు ఇన్ని అని మార్కులు వేసి, స్నేహితులందరికీ పంపిస్తాడు. చదవడానికి భలేగా ఉంటాయి. పోయిన వేసవిలో "తిరుపతీ, చిత్తూరూ నీవే కదా, వాటికి నువ్వు రాయి" అన్నాడు. వాడు అడిగినంత తేలిగ్గానూ నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడంలో ఒక సాహిత్యపు బడాయి కూడా ఉన్నదని ముందే చెప్పుకోవాలి. ఊరంతా తిరిగి చూసినదానికల్లా గుణదోషాలెంచడం మనకు కొత్త సంగతి కాదు. క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో చేసినది అదే. పూటకూళ్ళ ఇంటి భోజనాన్ని కూడా వాళ్ళు వదల్లేదు. వాళ్ళు ఓరుగల్లుకు చేసినది నేను చిత్తూరుకు చెయ్యకూడదా అనుకున్నాను.

చెయ్యలేకపోయాను. ఎందుకు చెయ్యలేకపోయానన్నదే ఈ టపా.

మొదట తిరుపతి. బైపాస్ వైపున్న ఒక బార్. పేరెందుకులెండి, ఆ వరసలో ఉన్నవన్నీ ఒక్కలాంటివే. మేడ మీద ఉంటుంది. అద్దాలకు నల్లకాగితం. మెట్లెక్కి తలుపు తోసుకుని లోపలికి పోతే, మిట్టమధ్యాహ్నం రెండు గంటలకు కూడా అర్ధరాత్రిలా ఉంటుంది. కళ్ళు అలవాటుపడ్డానికి రెండు నిమిషాలు పట్టింది. పడ్డాక చూస్తే ప్రతి బల్ల దగ్గరా ఒక మనిషి, ఆ మనిషి ఎదుట ఖాళీ కుర్చీ, అందరి ముఖాలూ గోడమీది టీవీ వైపు. టీవీకి శబ్దం లేదు. ఒకరిముఖం ఒకరికి కనిపించకుండా ఉండేందుకే ఆ అమరిక అని అర్థం కావడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

వెలుతురుకు నా మిత్రుడి పట్టికలో పది మార్కులుంటాయి. ఇక్కడ చీకటే వాళ్ళు అమ్ముతున్న సరుకు. ఎన్ని మార్కులు వెయ్యాలి?

నేనున్న గంటలో ఒకాయన వచ్చాడు. కొత్తగా కొట్టించుకున్న గుండు, గుండు మీద ఇంకా ఆరని గంధం. మొక్కు తీర్చుకుని కొండ దిగివచ్చినవాడు. గదిలో ఉన్న పదిమందీ ఆయన్ని ఒక్కసారి చూశారు, వెంటనే చూపు తిప్పుకున్నారు. ఆయన జేబురుమాలు తీసి గుండుమీద కప్పుకున్నాడు, ఎండకు కప్పుకున్నట్టు. నేను వెటకారంగా రాయడం లేదు. అలిపిరి దగ్గర సంచులు వెదికి సీసా, సిగరెట్టు, మాంసం ఏదున్నా తీసేస్తారు, తియ్యవలసిందే. కొండమీద నియమం కొండమీది నియమమే. కానీ ఆ కొండ నీడ పట్నం మీద కూడా పడి ఉంటుంది. తిరుపతిలో పుట్టి పెరిగినవాడెవడూ బార్‌కు వెళుతున్నానని చెప్పడు. "అట్లా పొయ్యొస్తా" అంటాడు. ఆయన రుమాలు కప్పుకున్నది దేవుడికి భయపడి కాదు, మా పదిమంది చూపుకు జడిసి. మేం చూపు తిప్పుకున్నదీ ఆయనలాంటివాళ్ళం కనుకనే.

చిత్తూరుది వేరే కథ. చిత్తూరు మూడు రాష్ట్రాల ముడి. వేలూరు నలభై కిలోమీటర్లలోపే. పలమనేరు దాటి నంగలి మీదుగా పోతే ముళబాగిలు. కనుక చిత్తూరువాడికి తాగుడులో మూడు సంస్కృతులు తెలుసు. అరవదేశంలో అమ్మేది ప్రభుత్వమే. 2003 చివరినుంచి చిల్లర అమ్మకమంతా టాస్మాక్ చేతిలోనే ఉంది. అంగడికి ఆనుకుని ఉండే ఆ బార్లలో కూర్చోవాలంటే ముక్కు మూసుకోవాలి. కానీ అక్కడొక వింత మర్యాద ఉంది. చేతిలో డబ్బు చాలనివాడు అంగడి ముందు నిలబడి తనలాంటి ఇంకొకడికోసం చూస్తాడు. ముక్కూముఖం తెలియని ఇద్దరు కలిసి ఒక క్వార్టర్ కొని చెరిసగం పంచుకుంటారు. దాన్ని 'కటింగ్' అంటారు. ఒకడు పోస్తాడు, రెండోవాడు గ్లాసు ఎంచుకుంటాడు. అన్నదమ్ముల పొలం పంపకాల్లో కూడా అంత న్యాయం నేను చూడలేదు. కన్నడదేశంలో బార్ అంటే భోజనశాల కూడా. ముళబాగిలు వైపు ఒకచోట, పక్కబల్ల దగ్గర నడివయసు దంపతులు చపాతీలు తింటుంటే, ఆయన ముందు బీరుసీసా ఉండటం చూసి నేను ఉలిక్కిపడ్డాను. వాళ్ళు ఉలిక్కిపడలేదు. ఆమె ఫోనులో కొడుకుతో మాట్లాడుతోంది, "అప్పా ఊట మాడ్తా ఇదారె" అంటోంది. దీపాలు వెలుగుతున్నాయి. కిటికీ తెరిచి ఉంది.

ఇంగ్లీషువాళ్ళ 'పబ్' అన్నమాట 'పబ్లిక్ హౌస్'కు కుదింపు; పదిమందికీ తెరిచిన ఇల్లు. మన బార్లు పదిమందినుంచీ దాక్కునే ఇళ్ళు. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆలోచిస్తే నాకు దొరికిన జవాబు చరిత్రలో ఉంది. కొంచెం ఓపిక పట్టండి.

చిత్తూరు జిల్లాకు మద్యనిషేధం పాత చుట్టం. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధం ఆ మరుసటి ఏడాదే చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. అబ్కారీ రాబడి పోయిన లోటు పూడ్చుకోవడానికి మద్రాసు ప్రభుత్వం 1939లో అమ్మకపు పన్ను తెచ్చింది. మనం ఈనాడు సరుకులు కొంటూ కట్టే పన్ను వంశవృక్షంలో మా జిల్లా కల్లంగళ్ళు కూడా ఉన్నాయన్నమాట! ఆంధ్రరాష్ట్రం వచ్చాక 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం కూలిపోయింది కూడా నిషేధం గొడవమీదే, ఒకే ఒక్క ఓటు తేడాతో. 1960ల చివరికి నిషేధం పోయి సారా వేలంపాటలు వచ్చాయి. 1980లలో వారుణి వాహిని పేరుతో సారాను ప్రభుత్వమే సంచుల్లో పోసి పల్లెపల్లెకూ పంపింది. పాలకు లేని దారులు సారాకు దొరికాయి. ఆ తర్వాత 1992లో మా పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు దిద్దుకోవడానికి రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు లేచి సారా అంగడి మూయించారు. ఆ నిప్పు మా జిల్లాకూ అంటుకుంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం, 1997లో దాని ఎత్తివేత. 2019 అక్టోబరు 1న దుకాణాలు ప్రభుత్వం చేతికి, 2024 అక్టోబరు 16న మళ్ళీ ప్రైవేటు చేతికి.

ఇన్ని మలుపుల్లోనూ ప్రభుత్వాలు రెండే ప్రశ్నలు వేసుకున్నాయి. అమ్మాలా వద్దా? అమ్మితే ఎంత వస్తుంది? ఎక్కడ కూర్చుని తాగుతాడు, ఎవరి పక్కన, ఏ వెలుతురులో, ఏం తింటూ, ఎట్లా ఇంటికి పోతాడు అన్న ప్రశ్న ఒక్కరూ వెయ్యలేదు. 2024 లాటరీలో 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కొక్క దరఖాస్తుకూ 2 లక్షలు, దుకాణం దక్కకపోయినా తిరిగిరాని డబ్బు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 1,800 కోట్లకు దగ్గరగా చేరింది. దుకాణానికైనా బార్‌కైనా లెక్క ఒకటే. ఇట్లా లక్షలు ముందుగా కట్టి వచ్చినవాడికి, ఒక బీరు పెట్టుకుని గంటన్నరసేపు కబుర్లు చెప్పుకునే గిరాకీ శత్రువు. వాడికి కావలసినది త్వరగా తాగి, ఎక్కువ తాగి, కుర్చీ ఖాళీ చేసేవాడు. కిటికీ ఎందుకు పెడతాడు? మంచి కుర్చీ ఎందుకు వేస్తాడు?

ఇప్పుడు నా అసలు ఇబ్బంది చెబుతాను. అది మా మామది.

మా మామకు చిత్తూరు దగ్గర పల్లెలో మామిడితోట. బెంగుళూరకాయలు. సీజనులో కాయ ఫ్యాక్టరీకి తోలి, డబ్బు ఎప్పుడొస్తుందో తెలియక, సాయంత్రం పట్నంలో ఒక బ్రాందీషాపు పక్కనున్న పర్మిట్ రూములో కూర్చునేవాడు. రేకుల కప్పు, సిమెంటు బల్లలు, ప్లాస్టిక్ గ్లాసులు, ఉడకబెట్టిన శనగలు. బెంగళూరు మిత్రుడి పట్టిక ప్రకారం నూటికి ఇరవై కూడా రావు. అయితే అక్కడొక పిల్లవాడు ఉండేవాడు. పిల్లవాడంటే ముప్పై ఏళ్ళుంటాయి, బల్లలు తుడవడం, సోడా ఇవ్వడం అతడి పని. మామ రెండో క్వార్టర్ సగానికి రాగానే వచ్చి పక్కన నిలబడేవాడు.

"చాల్లే సామీ. ఆటో వచ్చి ఉండాది."

"ఎవురు పిలిచినారు రా ఆటోని?"

"నేనే. అమ్మకి ఫోను గూడా చేసినా. సంగటి చేసి పెట్టిందంట."

మామ బూతులు తిట్టేవాడు. తిట్టి, లేచి, ఆటో ఎక్కేవాడు. ఇది ఏళ్ళతరబడి జరిగింది. మూడోది అడిగినా అతడు తెచ్చేవాడు కాదు. యజమానికి నష్టం; ఆ సంగతి యజమానికీ తెలుసు. ఎందుకు ఊరుకునేవాడో నాకు తెలియదు. బహుశా రేపు కూడా మామ రావాలి కనుక కావచ్చు.

2019 అక్టోబరులో ప్రభుత్వం అంగళ్ళు తీసుకున్నప్పుడు పర్మిట్ రూములు పోయాయి. అంగళ్ళ సంఖ్య తగ్గించారు, మరుసటి ఏడాది మళ్ళీ తగ్గించారు. 2020 మే నెలలో ధరలు ఒక్కసారిగా 75 శాతం పెంచారు. తాగేవాడికి షాక్ కొట్టాలన్నది సిద్ధాంతం. బూమ్ బూమ్, ప్రెసిడెంట్ మెడల్ లాంటి పేర్లు విని జనం నవ్వుకున్నారు, నవ్వుతూనే కొన్నారు. మామ కూడా కొన్నాడు. ఇనుపచువ్వల సందులోనుంచి సీసా తీసుకుని, లుంగీలో దోపుకుని, తోటకు పోయి మోటారుగదిలో ఒంటరిగా కూర్చున్నాడు. అక్కడ ఆపేవాడు లేడు. ఆటో లేదు. శనగలు కూడా లేవు. ఒక రాత్రి గది మెట్టు తప్పి కాలవలో పడ్డాడు. పొద్దున పాలుపోసేవాడు చూసేదాకా అక్కడే ఉన్నాడు. తుంటి విరిగింది. బతికాడు. ఇప్పుడు ఊతకర్రతో నడుస్తాడు.

ఆ రోజుల్లోనే, 2020 జులై ఆఖర్లో, ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మామ మోటారుగది గుర్తుకువచ్చింది. తాగుడు మానలేదు, చోటు మాత్రం పోయింది. నా వాదమంతా ఇక్కడే ఉంది. తాగేవాడికి చోటు లేకుండా చేస్తే మానేస్తాడని అనుకోవడం, బడి మూసేస్తే పిల్లలు పెరగడం మానేస్తారనుకోవడం వంటిది.

ఈ వాదాన్ని మొన్న సంక్రాంతికి మా అత్త ముందు పెట్టాను. పెట్టకుండా ఉండవలసింది.

ఆమె అరిసెలకు పాకం పడుతోంది. గరిటె ఆపకుండా అంతా విన్నది. విని, "ఐతే బార్లో తాగితే మంచోడా మీ మామ?" అన్నది. నేను ఆ పిల్లవాడి సంగతి ఎత్తాను. "ఆ బిడ్డ మంచోడే, నేను కాదన్నా? వాడు ఫోన్ చేసినాకనే నేను సంగటి కెలికేది. ముప్పై ఏండ్లు ఎవురో ఒకరు ఫోన్ చేస్తారని చూసుకుంటా కూర్చున్నా. కరోనాలో రెండు నెల్లు అంగళ్ళు మూసినారే, అప్పుడు నిద్రపొయ్‌నా నేను. అంతే. మల్ల తెరిచినారు." గరిటె పైకెత్తి పాకం తీగ చూసి, "మీకు కిటికీలు కావాల, దీపాలు కావాల. మాకు ఆ రెండు నెల్లు కావాల" అన్నది.

లెక్కప్రకారం రెండు నెలలు కాదు. 2020 మార్చి ఆఖరునుంచి మే 4 దాకా, ఆరువారాలు. ఆమెకు రెండు నెలలనిపించింది. సరిదిద్దడానికి నాకు నోరు రాలేదు.

దూబగుంట ఆడవాళ్ళు కూడా కిటికీలున్న మంచి సారా అంగడిని అడగలేదు. మూసెయ్యమన్నారు. వాళ్ళు తప్పని అనగలిగే ధైర్యం నాకు లేదు, అనవలసిన అవసరమూ లేదు. మొగవాళ్ళం మేం కూర్చునే గదికి మార్కులు వేసుకుంటాం. ఆ గదికి అవతలివైపు ఇంకొక గది ఉంటుంది, అక్కడ ఒకామె ఫోను పక్కన పెట్టుకుని సంగటి కుండ దించకుండా కూర్చుని ఉంటుంది. ఆ గదికి ఎవరూ మార్కులు వెయ్యరు. నా మిత్రుడి పట్టికలో ఆ గడి లేదు. మొదటిసారి చూసినప్పుడు నాకూ తట్టలేదు.

అయినా నేను నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. అత్త అడిగినది 1995లో ఇచ్చి చూశారు. అప్పట్లో మావాళ్ళు వేలూరుకూ ముళబాగిలుకూ బస్సులెక్కి పోయేవాళ్ళు. పోలేనివాళ్ళకు నల్లబెల్లం, తుమ్మచెక్కా ఊళ్ళోనే దొరికాయి. అత్తకు ఆ రెండేళ్ళు నిద్ర పట్టిందా అని అడిగాను. లేదన్నది. "అప్పుడు ఇంగా భయం, ఏం తాగతా ఉండాడో తెలీదు." ఆ భయం ఇంకా పోలేదు. 2025 అక్టోబరులో, ఒకప్పుడు మా జిల్లాలోనే ఉన్న ములకలచెరువులో కల్తీమద్యం తయారుచేసే చోటు బయటపడింది. సీసా మీద ముద్ర సరైనదో కాదో ఫోనులో చూసుకునే ఏర్పాటు చేశారు. ఇది కూడా సీసా సంగతే. మనిషి సంగతి కాదు.

నేను అడిగేది చాలా చిన్నది. 2025లో పర్మిట్ రూములకు మళ్ళీ అనుమతి ఇచ్చారు. రుసుము కట్టించుకుని ఇచ్చారు. ఆ అనుమతికి ఇంకో నాలుగు మాటలు చేర్చలేరా? కిటికీలకు నల్లకాగితం అంటించకూడదని, తాగడానికి మంచినీళ్ళూ తినడానికి వేడి అన్నమూ ఉండాలని, తూలుతున్నవాడికి ఇంకొకటి పోస్తే లైసెన్సు పోతుందని. ఈ చివరిది కొత్తదేమీ కాదు, చాలా దేశాల్లో ఉన్నదే. మరీ ముఖ్యంగా, మూడోది తేను పొమ్మని చెప్పినందుకు ఆ బల్లలు తుడిచే మనిషి ఉద్యోగం పోకూడదని. రాబడి కొంచెం తగ్గుతుంది. తగ్గనివ్వండి, ఒకప్పుడు తగ్గినప్పుడు అమ్మకపు పన్ను కనిపెట్టిన తెలివైన జాతి మనది.

ఇది చదివి "తాగుబోతులకు వకాల్తా" అనేవాళ్ళు ఉంటారు, తెలుసు. కల్లుకాలం నాటి పెద్దలు ఇంకో రకంగా కోప్పడతారు. ఈతవనంలో చెట్టుకింద, ఆకాశం కింద, ఊరందరి కళ్ళెదుట తాగేవాళ్ళం, ఎవడు ఎంత తాగాడో ఊరికి తెలిసేది అని మా తాత అంటూండేవాడు. నిజమే కావచ్చు. కానీ ఊరికి తెలిసినందువల్ల మా అవ్వకు ఒరిగినదేమిటో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

మిత్రుడికి పట్టిక ఇంకా పంపలేదు. పంపుదామని ఒకే ఒక్క చోటికి మార్కులు వేశాను, ఆ రేకుల పర్మిట్ రూముకు. వెలుతురు నాలుగు, కుర్చీ ఒకటి, శనగలు ఏడు, మర్యాద పదికి పది. అయితే ఆ చోటు ఇప్పుడు లేదు. అక్కడ బైకుల విడిభాగాల అంగడి వచ్చింది. పోయిన నెల ఆ దారిన పోతూంటే ఎదురుగా తోపుడుబండి మీద ఉడకబెట్టిన వేరుశనగలు అమ్ముతూ ఆ పిల్లవాడే కనిపించాడు. ఇప్పుడు పిల్లవాడనడానికి వీల్లేదు, చెవులపైన నెరిసింది. నన్ను గుర్తుపట్టాడు. పొట్లం కట్టి, డబ్బు తీసుకోకుండా, "సారు నడస్తా ఉండాడా?" అని అడిగాడు.

నడుస్తున్నాడని చెప్పాను.

"తాగతా ఉండాడా?"

చెప్పాను.

"యాడ?" అన్నాడు.